అన్న ఏ భాషలో ఉన్నాడు

మా వైపు గొర్రెలను గొర్రెలనరు, జీవాలంటారు. మేకలు కలిసినా జీవాలే. ఎవరైనా కొత్త మనిషి ఊళ్లోకి వచ్చి "మీకు గొర్రెలెన్ని?" అని అడిగితే వాడు బయటివాడని అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే, బెంగళూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎదురుగా మా అన్న నన్ను అడిగిన ప్రశ్న చదివేవాళ్లకు అర్థం కాదు.

ఆమె కన్నడంలో, నెమ్మదిగా, చేతులు తిప్పుతూ చెప్పింది. "మీ రక్తంలో నుంచి కొన్ని జీవకోశాలు తీసుకుంటాం. వాటిని ల్యాబుకు పంపి కొంచెం మారుస్తాం, పెంచుతాం. తర్వాత మళ్లీ మీ ఒంట్లోకే ఎక్కిస్తాం." అన్న చేతులు కట్టుకుని, మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు. అంతా అయ్యాక నా వైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"ఏమ్మా, మన జీవాల్ని యాడికి తోలకపోతారంట?"

నాకు నవ్వు ఆగలేదు. క్యాన్సర్ డాక్టరు గదిలో అంత గట్టిగా నవ్విన మనిషిని ఆమె అంతకుముందు చూసి ఉండదు. వదిన నా మోచేతి మీద గిల్లింది. నాకు నవ్వొచ్చినా ఏడుపొచ్చినా ఆపుకునే అలవాటు చిన్నప్పటినుంచీ లేదు, ప్రశ్న వచ్చినా అంతే. అందుకే అన్న నన్ను వెంట తీసుకెళ్లాడు. "నువ్వయితే ఇడవకుండా అడుగుతావు" అన్నాడు.

నేను కర్ణాటకలో, మా పావగడ తాలూకాలోనే ఒక సర్కారీ హైస్కూల్లో సైన్సు చెబుతాను, కన్నడంలో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇక్కడ చాలామంది బతుకు అంతే. తెలుగు అక్షరాలు నాకు ఏ బడీ నేర్పలేదు. హిందూపురం బస్సుల బోర్డులు, సినిమా పోస్టర్లు, బొరుగులు పొట్లం కట్టిచ్చిన అనంతపురం పేపర్లు కూడబలుక్కుని నేర్చుకున్నాను. 'జీవకోశ' పాఠం, అంటే కణం పాఠం, మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలను. బోర్డు మీద ఒక సున్నా, మధ్యలో ఒక చుక్క. పిల్లలు దాన్ని కోడిగుడ్డు అనుకుంటారు, నేనూ పెద్దగా కాదనను. అన్నేళ్లు గీసిన ఆ సున్నా గురించి నాకు నిజంగా ఏమీ తెలియదని ఆ గదిలో తెలిసింది.

అన్న ఊరు రాయచెర్లు. పొలం సోలార్‌కు లీజుకు పోయాక ఆయనకు మిగిలింది జీవాలే. సోలార్ ప్లేట్ల కంచెకూ గుట్టకూ మధ్య ఉన్న బీడులో మేపుకునేవాడు. ఒకరోజు తువ్వాలు తీసి విదిలిస్తుంటే వదిన కంటికి ఆయన మెడ పక్కన గడ్డ కనిపించింది. నొప్పి లేదు కాబట్టి జబ్బు కాదనుకున్నారు. ఊళ్లో సగం మంది ప్లేట్ల వేడికి వచ్చిందన్నారు. ప్లేట్లు తుడిచే పనికి పోయేవాళ్లు మాత్రం, మాకెవరికీ రాలేదే అని తగవుపడ్డారు. ఒక డాక్టరు టీబీ అన్నాడు, మందులు మింగించాడు. గడ్డ తగ్గకపోగా చంకలో ఇంకోటి వచ్చింది. ముక్క తీసి పరీక్షకు పంపితే లింఫోమా అని తేలింది. ఒంటికి కాపలా కాసే తెల్ల కణాలే అదుపు తప్పి ఆగకుండా పెరిగే క్యాన్సర్ అది.

కీమో ఇచ్చారు. గడ్డలు కరిగాయి. జుట్టు పోయి మళ్లీ వచ్చింది, ఈసారి కొంచెం ఉంగరాలు తిరిగి వచ్చింది. ఆ ఉంగరాల జుట్టు చూసి వదిన ఎంత మురిసిపోయిందో. ఏడాది తిరక్కముందే మెడలోనూ కడుపులోనూ మళ్లీ గడ్డలు. ఇంకో రకం కీమో పెట్టారు, అది పనిచేయలేదు. అప్పుడే ఆ డాక్టరమ్మ ఈ కొత్త చికిత్స సంగతి చెప్పింది. ఇది ఇంకా ప్రయోగంలోనే ఉంది, కొందరికి బాగా పనిచేసింది, కొందరికి చేయలేదు, ప్రమాదాలున్నాయి, మీకు ఇష్టమైతేనే అంది.

ఆమె కన్నడంలో 'ప్రయోగ' అనగానే వదిన ముఖం మారింది. మా ఊళ్లలో ఆ మాటకు సైన్సుతో పనిలేదు. ఎవరింట్లోనైనా వరసగా చెడు జరిగితే "ఎవరో ప్రయోగం చేసినారు" అంటారు. నిమ్మకాయలు, ముగ్గులు, మూడు దారుల కూడలి, అదీ ప్రయోగమంటే.

"ఎవరన్నా మనకి చేస్తే ఇడిపించుకోను పోతాం. మనమే పోయి చేయించుకునేది యాడన్నా ఉండాదా?" అంది వదిన బయటికొచ్చాక.

నేను వివరించబోయాను. అన్న చేత్తో ఆపాడు. తనే చెప్పాడు. ఆయన చెప్పినట్టు నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు.

"ఇదేం ప్రయోగం కాదులే. జీవాల్ని పాలుకిచ్చేది. నా ఒంట్లో జీవాలు బక్కచిక్కిపోయినాయి. తోడేలు మందలోనే తిరుగుతాంటే గుర్తు పట్టల్యాక పోతాండాయి. ఆటిని తోలకపోయి, తోడేలు ఎట్లుంటాదో గుర్తు చెప్పి, బాగ మేపి, మందని పెద్దది చేసి మల్ల నాకే తోలిస్తారంట. అంతే గదమ్మా?"

పాలుకివ్వడం అంటే మా వైపు కొత్తేమీ కాదు. మేపుకునే ఓపిక లేనివాళ్లు జీవాలను ఇంకొకరికి అప్పగిస్తారు. వాళ్లు మేపుతారు. ఈనిన పిల్లల్లో చెరి సగం. టీ కణాలు, వాటిలో కొత్తగా చేర్చే జన్యువు, జబ్బు కణాల ఒంటిమీద ఉండే గుర్తు, ఇవన్నీ నేను ఇంటర్నెట్‌లో చదివి చదివి తలనొప్పి తెచ్చుకున్నాను. అన్న ఒక్క మాటతో తేల్చేశాడు. కాకపోతే ఆ మాట పట్టుకుని లోపలికి పోయి డాక్టరమ్మను కన్నడంలో ఇంకోటి కూడా అడిగాడు. మా పాలు ఎంత, మీ పాలు ఎంత?

కన్నడంలోనూ పాలు అంటే వాటానే కాబట్టి ఆమెకు మాట అర్థమైంది, ప్రశ్నే అర్థం కాలేదు. నేను పాలుకిచ్చే పద్ధతంతా చెప్పాల్సి వచ్చింది. ఆమె నవ్వలేదు. మీకు ఎక్కించేది మీకు ఎక్కిస్తాం, మిగిలింది ఏమన్నా ఉంటే దాచిపెట్టి పరిశోధనకు వాడుకుంటాం, దానికి మీ ఒప్పుదల కావాలి అంది. అన్న తలూపాడు. "న్యాయమే" అన్నాడు. వదిన మాత్రం ఒకే ప్రశ్న వేసింది, అదీ నా చేత అడిగించకుండా తనే, కన్నడంలో. చేయించుకోకపోతే? డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఇక మా దగ్గర గట్టి మందులు లేవు, కొన్ని నెలలు. వదిన లేచి మంచినీళ్లు తాగొచ్చి "సరే, సైను చేయిద్దాం" అంది.

కణాలు తీసిన రోజు నేను మిషను పక్కనే కూర్చున్నాను. ఒక చేతినుంచి రక్తం గొట్టంలో మిషనులోకి పోతుంది, లోపల గిర్రున తిరిగి తెల్ల కణాలు వేరుపడతాయి, మిగతా రక్తం ఇంకో చేతిలోకి వచ్చేస్తుంది. పైన వేలాడే సంచిలో లేత రంగు నీరు కొద్దికొద్దిగా చేరింది. అంతే. అది చూస్తూ నేను బోర్డు మీద గీసే సున్నాల గురించి ఆలోచించాను. ఎన్ని సున్నాలు గీస్తే ఆ సంచి నిండుతుందో నాకు ఊహకు అందలేదు.

తర్వాత వారాల తరబడి ఎదురుచూపు. ఆ వారాల్లోనే బలసముద్రం నుంచి మా మామ ఒకాయన షేర్ ఆటో దిగి కోపంగా అన్న ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏమప్పా, జీవాల్ని బెంగళూరోళ్లకి పాలుకిచ్చినావంట? నేను ఈడ వట్టిగా కూసోనుండా. నన్నొక మాట అడిగింటే మేపకపోదునా? ఇంత పరాయోడ్నయిపోయినానా?"

అన్న మంచం మీద పడుకునే ఉన్నాడు, ఒంట్లో ఓపిక లేదు. అయినా నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. దొడ్లో ఉన్న జీవాలను చూపించి, పోయినవి వేరే జీవాలని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. మామ అంతా విన్నాడు. తర్వాత మంచం అంచున కూర్చుని అన్న కాళ్లు పట్టి నెమ్మదిగా నొక్కడం మొదలుపెట్టాడు. అన్న జబ్బు ఎంత దూరం వచ్చిందో మామకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదట.

నేను మాత్రం డాక్టరమ్మకు మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాను. ఇప్పుడు కణాలు ఎక్కడున్నాయి? చల్లని డబ్బాలోనా, వెచ్చని గదిలోనా? తినడానికి ఏం పెడతారు? పెరుగుతున్నాయా? ఆమెకు తీరిక దొరికినప్పుడు ఓపిగ్గా జవాబిచ్చేది. చక్కెర, ఉప్పులు, కొన్ని ప్రోటీన్లు కలిపిన ద్రవంలో ఉంచుతారంది. నేను ఆ సంగతి చెబితే అన్న "మేత బాగనే ఉండాది" అన్నాడు. ఒకసారి మాత్రం ఆమె జవాబు రాయడానికి ఆలస్యం చేసింది. కొంతమంది కణాలు సరిగా పెరగవు, అప్పుడు ఏమీ చేయలేం అని రాసింది. ఆ మెసేజ్ నేను అన్నకు చదివి వినిపించలేదు, వదినకు వినిపించాను. వదిన వింటూనే రాగి ముద్ద కెలకడం ఆపలేదు.

కణాలు పెరిగాయి. ఎక్కించే ముందు కొన్ని రోజులు మళ్లీ కీమో ఇచ్చి ఒంట్లో చోటు చేశారు. ఆ రోజు గడ్డకట్టిన చిన్న సంచి ఒకటి తెచ్చి, వెచ్చని నీళ్లలో కరిగించి, స్టాండుకు తగిలించారు. ఇంతా చేస్తే అది మన అరచేతి కంటే పెద్దగా లేదు. నేను తెచ్చుకున్న కాఫీ చల్లారేలోపే అయిపోయింది. గదంతా వెల్లుల్లి వాసన. కణాలు గడ్డకట్టినప్పుడు చెడిపోకుండా కలిపే మందు వాసన అదని నర్సు చెప్పింది. వదిన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని "ఇంతేనా?" అంది. అన్న సంచి వైపు చూసి "మందంతా వచ్చిందా?" అన్నాడు. మందు అంతా అన్నాడో మంద అంతా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

జ్వరం రావచ్చని ముందే చెప్పారు. లోపల కణాలు పోట్లాట మొదలుపెడితే ఒళ్లు కాగుతుందట. అందుకని అన్న జ్వరం కోసం ఎదురుచూశాడు. రాకపోతే దిగులు పడ్డాడు. వచ్చాక సంబరపడ్డాడు గానీ ఆ సంబరం ఒక పూట కూడా నిలవలేదు. జ్వరం మామూలు జ్వరంలా లేదు, మనిషి వణికి వణికి నీరుగారిపోయాడు. బీపీ పడిపోయింది. దానికి మందు ఇచ్చారు, తేరుకున్నాడు. డాక్టరమ్మ మా ఇద్దర్నీ పిలిచి, ఇకమీద ఇంకో సంగతి గమనించాలి అంది. కొందరికి ఈ పోట్లాట మెదడుదాకా పోతుంది. మాట తడబడుతుంది, మనిషి తికమక పడతాడు. ముదిరితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ముందే కనిపెడితే ఆపగలం.

అందుకోసం నర్సు పూటపూటకూ వచ్చి పరీక్ష చేసేది. ఇది ఏ ఊరు, ఇది ఏ నెల, ఇది ఏంటి అని పెన్ను చూపించడం, వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెట్టించడం, ఒక వాక్యం రాయించడం. ఆమె మలయాళీ అమ్మాయి, కన్నడం పని చేస్తూ నేర్చుకుంది. తెలుగు ఒక్క ముక్క రాదు. అన్నకు కన్నడం బాగా వచ్చు, తాలూకాఫీసులో, బ్యాంకులో, సోలార్ కంపెనీవాళ్లతో ఆయన మాట్లాడేది అదే కదా. ఇంటి గడప దాటి లోపలికొస్తే మాత్రం తెలుగే. వదినతో పెళ్లయినప్పటినుంచీ ఒక్క కన్నడ మాట మాట్లాడి ఎరగడు. వదినకూ కన్నడం వచ్చు, అయినా ఇద్దరి మధ్యా అది లేదు.

ఒక పొద్దున ఆ అమ్మాయి అన్న చెయ్యి పట్టుకుని, "ఇదు యావ కై?" అని అడిగింది. ఏ చెయ్యి ఇది అని. జ్వరం మగతలో ఉన్న అన్న తెలుగులో "కుడి" అన్నాడు. కన్నడంలో కుడి అంటే తాగు అని. మలయాళంలోనూ తాగడమేనట. ఆ అమ్మాయి పాపం నీళ్లు అడుగుతున్నాడనుకుని గ్లాసు అందించింది. అన్న తాగాడు. మళ్లీ అడిగింది. "కుడి." మళ్లీ నీళ్లు. ఈసారి అన్న ఆశ్చర్యంగా చూసి, ఇచ్చారు కదా అని అవీ తాగాడు. మూడోసారి ఆమె గ్లాసు పక్కన పెట్టేసి, ముఖం గంభీరంగా చేసుకుని, డాక్టరుకు ఫోను చేయబోయింది. అప్పుడే నేను లోపలికి వెళ్లడం మంచిదైంది. కుడి అంటే బలగై అని చెప్పేసరికి ఆ అమ్మాయి మాస్కు వెనక పడీపడీ నవ్వింది. గ్లౌజుల డబ్బా మీద మలయాళం అక్షరాల్లో కుడి, ఎడమ, పెన్ను, గడియారం అని నాలుగు తెలుగు మాటలు రాసుకుంది.

ఆ తర్వాత మాకందరికీ ఒక ధీమా వచ్చింది. ఏదన్నా తేడాగా అనిపిస్తే అది భాష తేడా అనుకోవడం అలవాటైంది. మర్నాడు మధ్యాహ్నం నర్సు పరీక్ష చేసినప్పుడు అన్న అన్నీ కన్నడంలోనే, పొల్లు పోకుండా చెప్పాడు. ఊరు, నెల, పెన్ను, లెక్క అన్నీ సరే. వాక్యం పొద్దున రాయించింది కదా అని ఈసారి రాయించలేదు. చెయ్యి అడిగితే "బల" అన్నాడు. ఆ అమ్మాయి ఎంత సంతోషపడిందో, "ఎల్లా సరి ఇదె", అంతా బాగుంది అని నాకు బొటనవేలు చూపించి వెళ్లింది. వార్డులోకి ఒకసారి ఒక్కరినే రానిస్తారు. నేను బయటికొచ్చి వదినను పంపాను.

వదిన కాసేపటికే బయటికి వచ్చింది.

"పాపా, మీయన్న నాతో కన్నడం మాట్లాడతాండాడు."

"దినమంతా ఆ నర్సుతో అదే కదా వదినా. నోటికి అదే వస్తాంది."

"కాదు. ఊట ఆయ్తా అని అడిగినాడు నన్ను."

"మరి అన్నం తిన్నావా అనే కదా అడిగింది?"

"అన్నం తిన్నావా అని నన్నెప్పుడు అడిగినాడు ఆయప్ప?" వదిన గొంతు లేచింది. "తెలుగులో చెప్పుమంటే కన్నడంలోనే జవాబు చెప్తాండాడు. నన్ను చూస్తాండాడు గానీ నాతో మాట్లాడతల్యా. పో, ఆ డాక్టరమ్మని పిల్చకరా."

నేను వాదించబోయాను. నర్సు పరీక్ష చేసింది, అన్నీ సరిగా చెప్పాడు అన్నాను. వదిన నా మాట పూర్తి కానివ్వకుండా తనే డ్యూటీ గది వైపు నడిచింది. ఆమె ఎవరి ముందైనా నోరు తెరవడానికి సంకోచించే మనిషి. ఆ రోజు అద్దం తలుపు మీద చేత్తో కొట్టి పిలిచింది.

డాక్టరమ్మ వచ్చింది. వదిన చెప్పింది విని, భార్యతో ఎప్పుడూ ఏ భాష అని నన్ను అడిగింది. తెలుగే, ఎప్పుడూ తెలుగే అన్నాను. ఆమె మా ఇద్దర్నీ లోపలికి రమ్మంది. వదినను మంచం దగ్గర నిలబెట్టి, తెలుగులో ఏమన్నా అడగమంది. వదిన వంగి, "ఏమప్పా, నేనెవరు?" అని అడిగింది.

అన్న ఆమె వైపు చూశాడు. మర్యాదగా, తాలూకాఫీసు కిటికీ ముందు నిలబడినప్పటి ముఖంతో చూశాడు.

"మేడం, మనేలి నన్ హెండ్తి ఒబ్బళే ఇద్దాళె. స్వల్ప బేగ కళిసి."

మేడం, ఇంట్లో నా భార్య ఒక్కతే ఉంది, కొంచెం తొందరగా పంపించండి.

వదిన మంచం కమ్మీ పట్టుకుని అట్లాగే నిలబడింది. డాక్టరమ్మ వెంటనే కాగితం ఇచ్చి పేరు రాయమంది. పొద్దున చక్కగా రాసిన చెయ్యి ఇప్పుడు గీతలు గీసింది, అవి ఏ భాషా కావు. పరీక్షకు కావలసిన జవాబులు ఇంకా నోట్లో ఉన్నాయి, మనిషి అప్పటికే లోపల్నుంచి జారిపోతున్నాడు. డాక్టరమ్మ ఇంజెక్షన్లకు పురమాయించి, వదిన వైపు తిరిగి, ఇంకా కొన్ని గంటలు ఆలస్యమైతే కష్టమయ్యేది అంది.

నేను బయట డాక్టరమ్మను పట్టుకుని అడిగాను. ఆ మందు ఏం చేస్తుంది? స్టెరాయిడ్, పోట్లాటను చల్లారుస్తుంది అంది. అంటే మనం ఎక్కించిన కణాలను కూడా చల్లారుస్తుందా? అవును, కొంత. అప్పుడు క్యాన్సర్ సంగతి? ఆమె తెలియదు అంది. ముందు మనిషి ఉండాలి కదా అంది. నా ప్రశ్నలన్నీ అక్కడితో అయిపోయాయి. ఇంకేం అడగాలో నాకు తోచలేదు, నా జీవితంలో అదే మొదటిసారి.

ఆ రాత్రికే అన్న మాట పూర్తిగా పడిపోయింది. ఐసీయూకు మార్చారు. కళ్లు తెరిచి ఉండేవి, మేము కనిపించేవాళ్లం కాదు. వదినకు, నాకు మాటలు తక్కువైపోయాయి. ఒకరి తర్వాత ఒకరం లోపలికి పోయి వస్తున్నాం. ఆమె లోపల ఏం చేస్తుందా అని ఒకసారి అద్దంలోంచి చూశాను. అన్న చెవి దగ్గర వంగి ఏదో చెబుతోంది. తర్వాత అడిగితే, ఏ జీవం ఈనింది, ఏది ఈనలేదు అదే చెప్పినా అంది.

కొన్ని రోజుల తర్వాత ఒక పొద్దున వదిన లోపల ఉండగా నాకు ఫోను వచ్చింది, లోపల్నుంచే, వదిన నంబరు. ఎత్తితే అన్న గొంతు. బలహీనంగా ఉంది, చిరాగ్గా ఉంది, తెలుగులో ఉంది.

"ఏమ్మా, మీ వదినకి చెప్పు. ఈ దుప్పటి కంపు కొడ్తాంది, మార్చుమంటే ఇనకుండా ఏడుస్తా కూసోనుండాది."

నేను కారిడార్‌లో, అందరి ముందు, పెద్దగా ఏడ్చాను. ఆ మలయాళీ అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. అన్నకు తెలుగు వచ్చేసిందని చెప్పాను. ఆమెకు అర్థమైంది.

స్కాను చేసిన రోజు డాక్టరమ్మ కంప్యూటరులో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. పాతదాంట్లో మెడలో, కడుపులో మండుతున్నట్టు మచ్చలు. కొత్తదాంట్లో అవి లేవు. లేవంటే లేవు. నేను కుర్చీలోంచి లేచి స్క్రీను దగ్గరికి పోయి చూశాను. స్టెరాయిడ్ ఇచ్చినా కణాలు పని చేశాయా అని అడిగాను. చేసినట్టే ఉంది, రక్తంలో ఇంకా కనిపిస్తున్నాయి అంది. అన్న కన్నడంలో రెండు మాటలు చెప్పి మర్యాదగా దండం పెట్టాడు. మళ్లీ వస్తుందా అని వదిన అడిగింది. చెప్పలేనమ్మా, ఇది కొత్త దారి, మీ ఆయన లాంటి వాళ్లను చూసే మేమూ తెలుసుకుంటున్నాం, నెలనెలా రండి అని డాక్టరమ్మ చెప్పింది.

తిరుగు ప్రయాణంలో కారు మధుగిరి దాటాక అన్న కిటికీలోంచి చూస్తూ వదినను అడిగాడు.

"ఆ పొద్దు నేను నీతో కన్నడంలో మాట్లాడినానంట. ఏం మాట్లాడినా?"

నేను నోరు తెరిచాను. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏం ల్యా. ఊట ఆయ్తా అని అడిగినావు."

అన్న సరేనని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి నిద్రపోయాడు. నాకు మాత్రం ఉండబట్టలేదు. దారిలో టీకి ఆగినప్పుడు వదినను పక్కకు తీసుకెళ్లి అడిగాను. ఎందుకు చెప్పలేదు? ఇంట్లో భార్య ఒక్కతే ఉందన్నాడు కదా, అంత మంచి మాట వింటే సంతోషపడడా?

వదిన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కారులో నిద్రపోతున్న మనిషి వైపు చూసింది.

"ఆ మాట ఆయప్ప నాకు చెప్పల్యా పాపా. ఎవరో మేడంకి చెప్పినాడు. నాకు చెప్పాలంటే తెలుగులో చెప్తాడు." గ్లాసు కింద పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది. "చెప్పేదాకా ఉండనీ."